మసి పూసుకున్న మంత్రాంగం

మునిరత్నం పోయాడన్న కబురు నాకు తిరుపతిలో పళ్ళ డాక్టరు కుర్చీలో, నోరు బార్లా తెరుచుకుని ఉన్నప్పుడు అందింది. జేబులో ఫోను మోగితే డాక్టరే తీసి, విని, నా చెవిలో చెప్పాడు. బదులు పలకడానికి వీలు లేదు. మునిరత్నం నోటి నుంచి వచ్చిన మాటలకు బదులు పలకకుండా నిలబడటం నాకు పాతికేళ్ళ వయసులోనే అలవాటైంది కనుక, అతని గురించి వచ్చిన ఆఖరి మాటను కూడా ఆ మర్యాదతోనే విన్నాను. డాక్టరు మాత్రం నా కళ్ళలో నీళ్ళు చూసి, మత్తు చాలలేదేమోనని ఇంకో సూది వేశాడు.

మునిరత్నం మా ఊళ్ళో గోలీసోడా అంగడివాడు. అంతకంటే ముఖ్యంగా, నా మంత్రి. ఈ మాటకు నవ్వేవాళ్ళు ఉంటారు, నవ్వనీ. కార్వేటినగరం నుంచి పుత్తూరు పోయే దారిలో, కొండవాలున ఉన్న మా ఊరికి మేము పాలెగాళ్ళం. నేను పుట్టేనాటికి పాళెమూ లేదు, పటాలమూ లేదు. సగం కూలిన మేడ, దాని పైఅంతస్తు నిండా గబ్బిలాలు, వీధివాకిలి పక్కన గుర్రమెక్కే బండ మిగిలాయి. మా పూర్వీకులు ఆ బండ మీద కాలు పెట్టి గుర్రమెక్కేవారట. గుర్రం పోయింది, బండ ఉంది. ఇంట్లో పొద్దున గబ్బిలాల కంపును సాంబ్రాణి పొగతో అణచడం, సాయంత్రం సాంబ్రాణి అయిపోయి ఆ కంపుకే అలవాటుపడటం నిత్యకృత్యం. మధ్యాహ్నం తినేది రాగిసంగటి, వేరుశనక్కాయల ఊర్బిండి పచ్చడి. అయినా వంటింటి నుంచి భోజనాల గదికి సంగటి వచ్చేటప్పుడు దాని మీద జరీ అంచు గుడ్డ కప్పి తేవాలి. ఆ మాత్రం దూరంలో చూసే కళ్ళు గబ్బిలాలవే. ‘కప్పేది గుడ్డ కాదురా అబ్బోడా, పద్ధతి’ అనేది మా అవ్వ. వేడి సంగటి మీంచి గుడ్డ తీసినప్పుడు లేచే ఆ ఆవిరి వాసన, జరీకి పట్టిన పాత కర్పూరం వాసనతో కలిసి, ఇప్పటికీ నాకు రాచరికం వాసనంటే అదే.

మాకు మిగిలిన హక్కు ఇంకొకటి ఉండేది. అది తిట్లు తినే హక్కు. తిరుపతి గంగమ్మ జాతరలో వేషాలు కట్టినవాళ్ళు ఎదురొచ్చినవాళ్ళనల్లా తిట్టడం అందరికీ తెలిసిందే. ఆడవాళ్ళను చెరపట్టిన పాలెగాణ్ణి అమ్మవారు రకరకాల వేషాల్లో వెతికి చంపిందని కథ. మా ఊరి గంగమ్మ ఆ గంగమ్మకు చెల్లెలని మావాళ్ళ నమ్మకం. మా జాతరలో ఒళ్ళంతా నామకొమ్ము అనే తెల్లసుద్ద పూసుకున్న బైరాగులు, కుంకుమ పూసుకున్న బండవేషాలు, మసి పూసుకుని నడుముకు వేపమండలు కట్టుకున్నవాళ్ళు మా వాకిట్లోకి వచ్చి, గుర్రమెక్కే బండ మీద చేతులు కట్టుకుని నిలబడ్డ ఊరిపెద్దను నోరారా తిట్టాలి. ఆయన ఒక్క మాట మాట్లాడకూడదు, ముఖం చిట్లించకూడదు. అలా నిలబడితేనే వానలు. చచ్చిన పాలెగాడు మా వంశంవాడేనని ఊరు, కాడని మా తాత. ఇరుపక్షాలకూ నొప్పి లేకుండా మా నాయన ఒక రాజీ కుదిర్చారు: దూరపు బంధువు. ఏదేమైనా ఆ బండ మీద మాకు తప్ప ఇంకొకరికి నిలబడే అధికారం లేదు. ఊరు మొత్తం పనిగట్టుకుని వచ్చి తిట్టాలంటే మనిషికి ఎంత హోదా ఉండాలో, ఇప్పటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు.

నాయన పంచాయతీ ప్రెసిడెంటుగా ఉండగానే పోయారు. పోయే ముందు నన్ను మంచం దగ్గరికి పిలిచి, ‘నలుగురిని పెట్టుకో. పొగిడేవాణ్ణి వాకిట్లో ఉంచు, తిట్టేవాణ్ణి ఇంట్లో ఉంచు’ అన్నారు. తరవాత మంచినీళ్ళు అడిగారు. అంతే. నేను తిరుపతిలో చదువు ఆపేసి వచ్చేశాను. అప్పటిదాకా మా ఇంట్లో ఎవరు నిలబడితే వారే పోటీ లేకుండా ప్రెసిడెంటు. ఈసారి రైసుమిల్లు కన్నయ్య నామినేషను వేస్తానన్నాడు. ఊళ్ళో మొదటి మోటారుసైకిలు అతనిది. ప్రెసిడెంటుగిరీ పోతే పోనీ అనుకునేవాణ్ణేమో; కానీ అతను రచ్చబండ దగ్గర అన్న మాట నా చెవిన పడింది: ‘ప్రెసిడెంటయ్యేది నేనైతే, జాతరలో బండెక్కేది గూడా నేనే గదప్పా! తిట్లు తినేదానికి గూడా వంశం గావాల్నా?’

ఆ రాత్రి అన్నం సయించలేదు. మా తాతముత్తాతలు తిన్న తిట్లు రైసుమిల్లువాడు తినడమా?

నాయన చెప్పినట్టే మంత్రాంగాన్ని ఏర్పాటు చేశాను. మొదటివాడు దివాను శేషాచలయ్య. దివాణం లేకపోయినా ఆయన దివానే. ఎనభై దాటినా పొద్దున్నే తలపాగా చుట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. రెండోవాడు వీధినాటకాల పంతులు చెంగల్రాయుడు. ఊరికి రంగులు వేసేది అతనే, ఏ సంగతికైనా ఒక పద్యం ఎత్తుకునేదీ అతనే. మూడోవాణ్ణి ఎంచడానికి నేను చాలా ఆలోచించాను. ఆ ఏడు జాతరలో, నాయన పోయాక మొదటిసారి నేను బండెక్కినప్పుడు, మసి పూసుకున్న ఒకడు ముందుకొచ్చి అన్నాడు: ‘ఏం సామీ, మీ మేడ మింద గబ్బిలాలు తలకిందులా గట్టిగా పట్టుకోని ఏలాడతాండేది ఎందుకో తెలుసునా? నువ్వు మెడ నిక్కబొడుసుకోని నడిసేది సూసి, నవ్వొచ్చి యాడ కింద పడతామో అని!’ ఊరు ఘొల్లుమంది. నేను కదలలేదు కానీ, పడుకునేటప్పుడు అద్దంలో మెడ చూసుకున్నాను. వాడు చెప్పింది నిజం. ఆ మసి వెనక ఉన్నది మా ప్రహరీ గోడకు ఆనుకుని సోడాలు కొట్టే మునిరత్నమని విచారించి తెలుసుకుని, పిలిపించాను.

మొదటి సమావేశం శుక్రవారం అరుగు మీద జరిగింది. నేను సూటిగా అడిగాను. ‘ఎన్నికలో నేను నిలబడాలా, వద్దా?’

‘చిత్తం’ అన్నాడు దివాను.

‘ఏది చిత్తం? నిలబడటమా, మానడమా?’

‘తమరు ఏది సెలవిస్తే అది చిత్తం.’

చెంగల్రాయుడు గొంతు సవరించుకుని, రాజు అడవికి పోయే ఘట్టంలోని పద్యం ఎత్తుకున్నాడు. అది నిలబడమనడమో, అడవికి పొమ్మనడమో తెలియలేదు. ఇక మిగిలింది మునిరత్నం. ఉతికిన చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, అరుగు చివర సగం కూర్చుని సగం లేచి ఉన్నాడు.

‘నువ్వు చెప్పు మునిరత్నం. గబ్బిలాల సంగతి చెప్పినవాడివి.’

‘అయ్యో సామీ! అది జాతర మాట. తమరికి నేను సెప్పేదేంది? తమరు నిలబడితే గెలిసినట్టే గదా!’

ఊళ్ళో అందరికంటే పదునైన నోరని తెచ్చుకుంటే, కడిగిన ముఖంతో వచ్చి అతనూ దివాను అయిపోయాడు. రెండు శుక్రవారాలు ఇలాగే గడిచాయి. కన్నయ్య మోటారుసైకిలు మీద ఊరంతా తిరిగేస్తున్నాడు. లోపలి నుంచి అంతా వింటున్న అవ్వ చివరికి చేతికర్రతో నేల పొడుచుకుంటూ గడప దాకా వచ్చింది.

‘ఒరే అబ్బోడా! వాళ్ళు మొగాలు కడుక్కోని వస్తే నోరు యాడొస్తాదిరా? మసి పుయ్యి! వేషం ల్యాకుండా మనింట్లో నిజం సెప్పినోడు పుట్టినాడా?’

అని, వంటింట్లోకి పోయి, సంగటి గుండిగ అడుగున గీకిన మసిని చాటలో పోసుకొచ్చింది.

ఆ తరవాతి శుక్రవారం నుంచి మా మంత్రాంగం వేషాలతో కూడింది. చెంగల్రాయుడే ముగ్గురికీ రంగులు వేశాడు. దివాను శేషాచలయ్యకు తల నుంచి పాదం దాకా నామకొమ్ము, చెంగల్రాయుడికి కుంకుమ, మునిరత్నానికి మసి, నడుముకు వేపమండలు. నేను గుర్రమెక్కే బండ మీద చేతులు కట్టుకుని నిలబడ్డాను. ముగ్గురూ ఎదురుగా అరుగు మీద కూర్చున్నారు. మొదట పెద్దాయన లేచాడు. ఆయన జన్మలో మా ఇంటివాళ్ళను ఒక మాట అనలేదు.

‘చిత్తం’ అన్నాడు అలవాటుగా. ‘తమరు గాడిద.’

అని కూర్చుని కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. నామకొమ్ము చారలు కట్టింది. ఆ తరవాత ఏ శుక్రవారమూ ఆయన ఆ మాటను మార్చలేదు. దేనికి గాడిదనో వివరించనూ లేదు. అయినా అది విన్న రోజున నేను రెండుసార్లు ఆలోచించి నిర్ణయం తీసుకునేవాణ్ణి. చెంగల్రాయుడు పద్యాలు మాని వచనంలోకి దిగాడు. మునిరత్నానికి మసి తగలగానే జాతర నోరు తిరిగి వచ్చింది.

‘నువ్వు గెలవవు సామీ’ అన్నాడు. ‘ఓటు ఏసేటోళ్ళు నీ మొగం సూసింది యాడ? నీ ముక్కు కింది భాగం మాత్రం సూసినారు. ఇల్లిల్లూ పోయి అడుగు.’

అడగడం మా ఇంట్లో లేదు. మా తాత దాహమైతే నీళ్ళు కూడా అడిగేవాడు కాదట, ఖాళీ చెంబు వైపు చూసేవాడట. బండ మీద మాట్లాడకూడదు కనుక నేను మెడ మాత్రం అడ్డంగా ఊపాను.

‘అడగవా? అట్నా? ఉండు, సోడా తాగొస్తా’ అని మునిరత్నం గోడ అవతలికి పోయాడు. తిట్లు తిట్టేవాడికి నోరెండడం సహజమే. కాసేపటికి తిరిగొచ్చి, ఇంతకు ముందుకంటే పదునుగా అందుకున్నాడు: ‘అడిగేది నీకు శాతకాకపోతే, తినేది శాతనవును గదా! పొయ్యి ప్రతి గడప ముందర నిలబడు. ఓటు అడగొద్దు. నోరు మూసుకోని తిట్టిచ్చుకో. అది మీ వంశం పనే గదా!’

ఇంత గొప్ప సలహాను అంత అమర్యాదగా నాకు ఎవరూ ఇవ్వలేదు. మరునాడే బయలుదేరాను. ముందు నేను, వెనక వేషాల్లో నా ముగ్గురు మంత్రులు. ప్రతి గడప ముందూ చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. మొదట జనం భయపడి తలుపులు వేసుకున్నారు, జాతర అకాలంలో వచ్చిందని. ఒక ముసలామె ధైర్యం చేసింది. ‘మీ నాయన నాటిచ్చిన దీపం కంబానికి దీపమే ల్యాకపాయె. దాన్ని మా మేకపోతు తప్ప ఎవురూ వాడుకోల్యా!’ అంది. నేను తల వంచి విన్నాను. ఇక ఊరికి నోరొచ్చింది. మగ్గాలవాళ్ళ వీధిలో కాలవ గురించి తిట్టారు, దిగువ వీధిలో నీళ్ళ గురించి తిట్టారు, ఒకాయన సొంత అల్లుణ్ణి కూడా నా పేరు మీదే తిట్టి తేలికపడ్డాడు. పాతికేళ్ళు ఆ ఊళ్ళో బతికి నేను తెలుసుకోనివి ఆ నాలుగైదు రోజుల్లో తెలుసుకున్నాను. ఇంటికొస్తే అవ్వ గుమ్మంలోనే, ‘ఈ పొద్దు బాగా తిట్టినారా నాయనా?’ అని ప్రేమగా అడిగేది.

ఇది చూసి కన్నయ్య ఊరుకుంటాడా? తానూ మోటారుసైకిలు దిగి గడపల ముందు నిలబడ్డాడు. మూడో ఇంట్లో ఒక ముసలామె, ‘నీ మిల్లు బియ్యంలో రాళ్ళు ముందు ఉడుకుతాయి, మెతుకులు తరవాత’ అంది. కన్నయ్య ఓర్చుకోలేక, ‘నీకు పండ్లు ల్యాకపోతే నా బియ్యమేం సేస్తాది ముసిల్దానా!’ అనేశాడు. బండ ఎక్కుతానన్నవాడు బదులు చెప్పడమా! ఆ మాట సాయంత్రానికి ఊరు దాటింది. వానల సంగతి తలుచుకుని సేద్యగాళ్ళంతా నాకే ఓటు వేశారు. పౌరుషం లేనివాడు రాజు కాలేడంటారు. పౌరుషాన్ని మింగడానికి ఎన్ని తరాల సాధన కావాలో కన్నయ్యకు ఆ రోజు తెలిసింది.

నేను ప్రెసిడెంటుగా ఉన్నంత కాలం శుక్రవారపు మంత్రాంగం నడిచింది. ఒకసారి పుత్తూరు నుంచి బీడీఓ గారు జీపులో దిగేసరికి, నేను బండ మీద మౌనంగా ఉన్నాను, ఒక తెల్లటి వృద్ధుడు నన్ను గాడిద అంటూ కన్నీళ్ళు తుడుచుకుంటున్నాడు. వేషం కట్టినవాడి ముందుకు ఎవరొచ్చినా తిట్టాలి కదా. మునిరత్నం ఆయన వైపు తిరిగి, ‘నువ్వేనా బోరు ఏపిస్తానని మూడు వానలు దాటిచ్చినోడివి? జీపు చక్రాలకుండే తెలివి నీకుంటే అవే వచ్చేటివి గదా, నిన్ను ఎక్కిచ్చుకోకుండా!’ అన్నాడు. బీడీఓ గారిది తిరుపతే. చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని, నా పక్కనే నిలబడి విన్నారు. ఆ నెలలోనే బోరు వచ్చింది. దాన్ని మా వాకిలి ముందు వేయించాలని నా ఉద్దేశం. ఆడవాళ్ళు బిందెలతో బారులు తీరితే వాకిలికి పాత కళ వస్తుందనుకున్నాను. మునిరత్నం సోడాకు పోయి వచ్చి, ‘సగం ఊరు బిందె మోసుకోని నీ వాకిట్లోకొస్తే నీకు దర్బారు, మాకు నడుం నొప్పి. నీళ్ళు దిగువ వీధిలో పెట్టు. నీ దర్బారుకు గబ్బిలాలొస్తాయిలే’ అన్నాడు. బోరు దిగువ వీధికి పోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది. నా పేరు దాని మీద లేదు, ఉండనవసరమూ లేదు.

ఒక్క విషయం నాకు అప్పట్లో అంతుపట్టలేదు. మునిరత్నం భార్య కుప్పమ్మ కాన్పుకు నగరిలోని పుట్టింటికి పోయినన్ని రోజులూ అతని తిట్లు చప్పబడిపోయాయి. మసి అంతే ఉంది, వేపమండలు అంతే ఉన్నాయి. సోడాకు పోయి వచ్చినా, ‘నువ్వు... మంచోడివి కాదు సామీ’ అని ఆగిపోయేవాడు. భార్య మీద బెంగ అనుకున్నాను. ఆ నెలలో నేను తీసుకున్న నిర్ణయాలన్నీ తప్పులే.

తరవాత దివాను పోయాడు, చెంగల్రాయుడు పోయాడు, అవ్వ పోయింది. మేడ వానకు కూలింది. గబ్బిలాలు ఎక్కడికి పోయాయో తెలియదు. నేను తిరుపతి చేరి, అపార్టుమెంటులో మూడో అంతస్తులో ఉంటున్నాను. అక్కడి సంఘానికి నేనే అధ్యక్షుణ్ణి. ఇక్కడ నన్ను ఎవరూ తిట్టరు. నేను ఏది రాసినా ఫోనులో వెంటనే జోడించిన చేతుల బొమ్మలు బారులు తీరుతాయి. లిఫ్టుకు పసుపు రంగు వేయిద్దామన్నా చేతులే, మానుకుందామన్నా చేతులే. నలభై ఇళ్ళూ దివాను శేషాచలయ్యలే. ఆ ‘గాడిద’ మాట ఒక్కటే లేదు. ఈ మధ్య మా ఊరి గుర్రమెక్కే బండను తెచ్చి అపార్టుమెంటు గేటు ముందు పెట్టిద్దామని ప్రతిపాదించాను. చేతులు, పువ్వులు, ఒకాయన బొటనవేలు. చిన్న లారీ కూడా మాట్లాడాను.

మునిరత్నం కర్మాంతరం అయిన మరునాడు కుప్పమ్మను పలకరించడానికి వెళ్ళాను. లారీ కుర్రవాళ్ళు గడ్డపారలతో వెనక వస్తున్నారు. మూసిన సోడా అంగడి ముందు స్టూలు మీద ఆమె కూర్చుని ఉంది. మనిషి చిక్కిపోయింది. ఎన్నేళ్ళుగానో గోడ అవతల గాజుల చప్పుడుగా తప్ప నేను ఆమెను ఎరగను. లేవబోతే వద్దని, ఎదురుగా నిలబడి, అనవలసిన మాట అన్నాను.

‘మునిరత్నం వంటి మంత్రి నాకు మళ్ళీ దొరకడు కుప్పమ్మా. అతని నోరే నన్ను మనిషిని చేసింది.’

ఆమె తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో దుఃఖం ఉంది, ఇంకేదో కూడా ఉంది.

‘ఆయనకు నోరు యాడుండాది సామీ?’ అంది. ‘సోడాలో గోలీ మాదిరి, మాట గొంతుకాడ్నే అడ్డం పడేది ఆయనకు. అన్నీ నేను సెప్పి పంపిచ్చినవే. గబ్బిలాలది గూడా నాదే. ఆడోళ్ళకు వేషం ల్యాదంటిరి గదా. అందుకని ఆయనకు పూసి పంపిస్తి. మర్సిపొయినప్పుడంతా సోడా అని గోడకాడికి పరిగెత్తుకోనొచ్చేది.’

నగరి కాన్పు గుర్తొచ్చింది, దిగువ వీధి బోరు గుర్తొచ్చింది. నా ఏలుబడి అంతా గోడ అవతలి నుంచి జరిగిందన్నమాట. మా వంశంలో ఇంతటి మంత్రి ఇంకెవరికీ దొరికి ఉండదని నా నమ్మకం. ఆ మంత్రి ఎవరో తెలియకుండా ఏలింది కూడా నేనొక్కణ్ణే.

‘ఆ గడ్డపారలేంది?’ అంది ఆమె, నా వెనక్కి చూస్తూ.

చెప్పాను. సంఘం మొత్తం బాగుందన్నదనీ చెప్పాను. కుప్పమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. ఆమె ముఖాన మసి లేదు, విభూది కూడా లేదు.

‘మూడో అంతస్తుకు గుర్రమెక్కి పోతావా సామీ?’ అంది. ‘లిఫ్టు వస్తాదో, గుర్రమొస్తాదో ముందు తేల్చుకో. వానల కోసరం ఊరు తిట్టుకున్న బండది. దాన్ని తీసకపోయి కార్లకు అడ్డం పెడతావా?’ అని పక్కనే ఉన్న బండ వైపు చెయ్యి చూపింది. ‘ఇంగా శానా ఉండాది సెప్పేది. అట్ల కిందనే నిలబడుకుంటే ఎట్ల? ఎక్కు.’

కుర్రవాళ్ళను లారీ తిప్పుకోమన్నాను. కండువా తీసి నడుముకు చుట్టుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించి, బండ ఎక్కి, చేతులు కట్టుకున్నాను.